కోనసీమలో ఒంటరి సైకిల్ యాత్ర, దానికి ముందు నోట్‌బుక్కుకి వేసిన కుట్లు

బయల్దేరే వారం ముందు సైకిల్ కంటే నోట్‌బుక్కే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఆరేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా హ్యాండిల్ బ్యాగులో ఉండే పుస్తకం అది. ఏ ఊళ్ళో మంచినీళ్ళు బాగుంటాయి, ఏ సత్రంలో సైకిల్ లోపల పెట్టనిస్తారు, ఏ మలుపు దగ్గర పంక్చర్ షాపు ఉంది, అన్నీ అందులోనే ఉన్నాయి. పోయినసారి వానకి తడిసి అట్ట ఊడిపోయింది, మధ్య కాగితాలు చేతికొచ్చేశాయి. బైండింగ్ షాపులో చూపిస్తే అంచులు కోసి స్పైరల్ వేస్తామన్నారు. నేను దూరాలూ గుర్తులూ రాసుకునేది ఆ అంచుల్లోనే, కాబట్టి వద్దని ఇంటికి తెచ్చేసుకున్నాను.

పాత దారం కత్తిరించి, కాగితాల మడతలు విడివిడిగా తీసి, చిరిగిన మడత మీద పల్చటి కాగితం పట్టీ అంటించాను. నూలుదారాన్ని కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి చిక్కుపడదు, తొందరగా తెగదు. సూదితో నేరుగా పొడిస్తే రంధ్రం పక్కకి పోతుంది కాబట్టి ముందు దబ్బనంతో మడత లోపలి నుంచి ఐదేసి రంధ్రాలు పెట్టి, ఒక్కో మడతనీ కింది దానితో ముడేస్తూ కుట్టుకొచ్చాను. బంక మాత్రం మైదాదే, వంటకి వాడని గిన్నెలో ఉడికించి పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపాను. ఫెవికాల్ ఎండాక గట్టిపడి పుస్తకం విప్పినప్పుడల్లా పెళుసుగా విరుగుతుందని నా అనుభవం. కుట్టు మీద పాత పంచె గుడ్డ అంటించి, రాత్రంతా సన్నికల్లు కింద పెట్టాను. పొద్దున్న తీస్తే పుస్తకం బల్ల మీద తెరిచింది తెరిచినట్టే పరుచుకుంది, మళ్ళీ మూసుకుపోలేదు!

సైకిల్‌కి చేసింది తక్కువే. కొత్త బ్రేక్ ప్యాడ్లు, చైనుకి ఆయిలు, రెండు స్పేర్ ట్యూబులు. కానీ ఒక్క మాట, మీ టైర్లకి సన్నటి ప్రెస్టా వాల్వులు ఉంటే గోరంత ఇత్తడి అడాప్టర్ తప్పనిసరిగా తీసుకెళ్ళండి. దారిలో గాలి కొట్టే చోట్ల మామూలుగా ఉండేది బండ్ల వాల్వుకి పట్టే పైపే. నేను రెండు తీసుకుని, ఒకటి వాల్వుకే బిగించి ఉంచాను.

ఫిబ్రవరిలో వెళ్ళాను, మూడు రోజుల్లో 200 కిలోమీటర్ల పైచిలుకు. రాజమండ్రిలో తెల్లవారుజామునే బయల్దేరి ధవళేశ్వరం, కడియం, రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం చేరాను. కడియం నర్సరీల రోడ్డు మొదటి గంటలో ఎంత బాగుంటుందో, మొక్కల లారీలు మొదలయ్యాక అంత కష్టం. ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి లింగం రెండంతస్తుల ఎత్తు, పై అంతస్తు నుంచి దర్శనం. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, అందుకే కడియంలో ఎక్కువసేపు ఆగకుండా వచ్చేయడం మంచిదైంది.

కోటిపల్లి రేవులో పంటు (బండ్లనీ మనుషులనీ నది దాటించే పడవ) ఎక్కి గోదావరి పాయ గౌతమిని దాటడం ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం. చెక్కలు తడిగా ఉన్నాయి, ముందు మోటార్ సైకిళ్ళు ఎక్కాయి, తర్వాత పడవ కుర్రాడు నా సైకిల్ వెనక క్యారియర్ పట్టుకుని "బ్రేక్ వదిలెయ్యండి సార్, నేను పట్టుకున్నాను" అని ఒక్క ఊపున పైకి తోసేశాడు. సామాన్ల సంచులు ముందే విప్పి భుజానికి వేసుకుంటే ఇంకా సుఖం. అవతల ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురం దాకా కొబ్బరితోటల నీడ.

అమలాపురంలో దిగిన లాడ్జి మాత్రం ఎవరికీ చెప్పను. ఫోన్‌లో సైకిల్ లోపల పెట్టుకోవచ్చన్నారు, తీరా వెళ్ళాక కుదరదు, జనరేటర్ పక్కన పెట్టుకోమన్నారు. పొద్దున్నకి వెనక లైటు లేదు. అడిగితే మాకు సంబంధం లేదన్నారు. రాత్రి రోడ్డు మీద నా ప్రాణం ఆ లైటు మీదే ఉంటుంది, అందుకే అంత కోపం వచ్చింది. అదే ఊళ్ళో ఓ చిన్న హోటల్లో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి తిన్నాక కాస్త మనసు కుదుటపడింది.

రాజోలు దాటాక తుమ్మముల్లు దిగింది. స్పేర్ ట్యూబు వేసుకోవచ్చు గానీ, నోట్‌బుక్కు తీస్తే నాలుగేళ్ళ కిందటి పేజీ అంచున "కాలవ వంతెన తర్వాత, చింతచెట్టు, పెద్దాయన" అని ఉంది. కిలోమీటరు నడిపించుకుంటూ వెళ్ళాను. చెట్టు ఉంది, షాపూ ఉంది, ఇప్పుడు వాళ్ళబ్బాయి చూసుకుంటున్నాడు. టైరు లోపల వేలు తిప్పి విరిగిన ముల్లు మొన వెతికి తీశాకే ప్యాచ్ వేశాడు, చాలామంది ఆ పని చేయరు. 30 రూపాయలు తీసుకున్నాడు. ఆ పేజీ చూపిస్తే "నాన్న చేతి పని గురించేనా అండీ ఇది" అని రెండుసార్లు చదువుకున్నాడు.

మధ్యాహ్నం నుంచి ఎదురుగాలి, అంతర్వేది చేరేసరికి కాళ్ళు లాగేశాయి. దేవస్థానం గది సాదాసీదాగా, శుభ్రంగా ఉంది, సైకిల్ వరండాలో పెట్టుకోనిచ్చారు. మూడు రోజుల్లో దొరికిన వసతిలో నా ఓటు దీనికే. భీష్మ ఏకాదశి కల్యాణం రోజుల్లో మాత్రం గది దొరుకుతుందని ఆశ పెట్టుకుని వెళ్ళకండి. గోదావరి ఇంకో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూడాలంటే సైకిల్ వదిలేసి ఇసుకలో నడవండి. తిరిగొచ్చాక చైను మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆయిలు వేయాలి, ఉప్పుగాలికి తుప్పు తొందరగా వస్తుంది.

మూడోరోజు సఖినేటిపల్లి రేవులో మళ్ళీ పంటు, అవతల నరసాపురం, పాలకొల్లు పెద్దగోపురం. సిద్ధాంతం వంతెన దగ్గర హైవే ముక్క ఒంటరిగా తొక్కడానికి భయమే. రావులపాలెం దగ్గర హైవే వదిలి ఆత్రేయపురం వైపు తిరిగాక ప్రాణం లేచొచ్చింది. అక్కడ పూతరేకులు కొని, నలగకుండా సామాన్లన్నిటికీ పైన డబ్బా కట్టి, బొబ్బర్లంక మీదుగా కాటన్ బ్యారేజీ దాటి ఇంటికి చేరాను.

కుట్లు ఒక్కటీ వదల్లేదు. ఇంక తెల్లకాగితాలు పదకొండే మిగిలాయి, దివిసీమ వెళ్ళేలోపు ఇంకో రెండు మడతలు కలిపి కుట్టాలి. మైనం పట్టించిన దారం మిగిలే ఉంది.