కీర్తనలతో ప్రార్థన: అవసరాన్ని బట్టా, వరుసగానా?

బైబిల్లోని కీర్తనల గ్రంథంతో ప్రార్థించేవాళ్లలో ఎక్కువమంది అవసరాన్ని బట్టి ఎంచుకుంటారు. భయమేస్తే 91వ కీర్తన, ప్రయాణమైతే 121, తప్పు చేసి కుమిలిపోతుంటే 51. ఆపరేషన్ థియేటర్ బయట టెన్షన్‌తో కూర్చున్నవాళ్లకు ‘యెహోవా నా కాపరి’ అనే 23వ కీర్తన చాలు. అప్పుడు పేజీలు తిప్పే ఓపిక ఎవరికుంటుంది? కంఠతా వచ్చిన మాటే నోటికొస్తుంది.

రెండో పద్ధతి వరుసగా చదవడం. రోజుకు అయిదు చొప్పున 30 రోజుల్లో మొత్తం 150 కీర్తనలు పూర్తవుతాయి. ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయ) ప్రార్థన పుస్తకం కూడా ఉదయం, సాయంత్రం భాగాలుగా నెలకు సరిపడా పంచింది. క్రైస్తవ సన్యాసుల కోసం బెనెడిక్ట్ రాసిన నియమం ప్రకారమైతే వాళ్లు వారంలోనే ముగించాలి. (ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అది కుదిరే పని కాదు.) 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, దాన్ని కొన్ని రోజులకు పంచుకోవచ్చు.

ఇలా చదివితే మనంతట మనం ఎప్పటికీ ఎంచుకోని కీర్తనలు కూడా ఎదురవుతాయి. 13వ కీర్తన ఎన్నాళ్లు, ఎన్నాళ్లు అని దేవుణ్ణే నిలదీసి, ఆరు వచనాల్లోనే నమ్మకంలోకి వస్తుంది. 88 అలా కూడా తేరుకోదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. అయినా అది మొదలయ్యేది దేవుణ్ణి రక్షణకర్త అని పిలుస్తూనే. జవాబు రాకపోయినా ఆ కీర్తనలో మొరపెట్టే మనిషి పిలవడం మానలేదు. నమ్మకమంటే ఏమిటో నాకు 23 కన్నా 88 బాగా చెబుతుంది. నచ్చినవే చదివేవాళ్లకు ఇది దాదాపు ఎదురుపడదు.

కష్టం మీద పడినప్పుడు మొదటి పద్ధతే పట్టుకోండి. మామూలు రోజుల్లో మాత్రం నా ఓటు వరుసకే. ఒకరోజు తప్పితే బాకీ తీర్చాలని వెనక్కి వెళ్లకుండా, మళ్లీ చదివే రోజు తేదీకి వచ్చే కీర్తనల దగ్గరే మొదలుపెట్టండి.