మగ్గం వర్క్ డిజైన్లకు ఐబిస్ పెయింట్ ఎక్స్: మామూలు ఫోన్ సరిపోతుందా?

సరిపోతుంది. ఐప్యాడ్ అక్కర్లేదు, ఖరీదైన పెన్ను అసలే అక్కర్లేదు. హనుమకొండలో నాది చిన్న మగ్గం వర్క్ షాపు. నా ఫోన్ నాలుగు జీబీ ర్యామ్ ఉన్న మామూలు ఆండ్రాయిడ్. అందులో ఐబిస్ పెయింట్ ఎక్స్ అనే బొమ్మలు గీసే యాప్ ఉచితంగా వేసుకుని జాకెట్ల డిజైన్లు గీస్తున్నాను. ముగ్గు చకచకా వేసేసి, ఫోన్‌లో గీయమంటే మాత్రం చేతులు ముడుచుకునే వాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను.

మా పని తెలియనివాళ్లకు రెండు మాటలు. డిజైన్ కాగితం మీద గీసి, ట్రేసింగ్ పేపర్ మీదికి ఎక్కించి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తాం. ఆ పేపర్‌ను బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దితే చుక్కలు దిగుతాయి. వాటి మీద కుట్టు. కుట్టేవాళ్లకు దొరికే కూలి కుట్టుకే, గీసిన దానికి ఎవరూ లెక్కగట్టరు. పెళ్లిళ్ల సీజన్‌లో "అక్కా, హంస తల జర చిన్నగ చెయ్యరాదు" అని ఒకరంటే, డిజైన్ మొత్తం మళ్లీ గీయాలి. ఫోన్ నాకు పనికొచ్చింది ముందుగా అక్కడే.

ఖాళీ తెర చూసి భయపడొద్దు, అసలు తెర మీద మొదలుపెట్టొద్దు. కాగితం మీద పెన్సిల్‌తోనే గీయండి, మంచి వెలుతురులో ఫొటో తీయండి. దాన్ని యాప్‌లోకి తెస్తే "గీతలు మాత్రం తీయాలా" అన్నట్టు ఒక ప్రశ్న వస్తుంది. అవునంటే తెల్ల కాగితం మాయమై గీతలు మాత్రం ఒక లేయర్‌గా మిగులుతాయి. ఫొటోలో నీడ పడితే అది కూడా మచ్చలా వస్తుంది కాబట్టి కిటికీ పక్కన తీయడం మేలు. లేయర్ అంటే మన ట్రేసింగ్ పేపరే. ఒకదాని మీద ఒకటి పరుస్తాం, ఏది తీసినా కిందిది చెదరదు. నేను హంసలు ఒక లేయర్‌లో, తీగలు ఒక లేయర్‌లో, కుందన్ల చుక్కలు మరో లేయర్‌లో పెడతాను. ఇప్పుడు తల చిన్నది చేయాలంటే ఆ లేయర్‌లో తల ఒక్కటి ఎంచుకుని తగ్గిస్తే అయిపోతుంది.

ఈ యాప్‌లో నేను మెచ్చేది రూలర్ల భాగం. అద్దం రూలర్ పెట్టి సగం మెడ గీస్తే రెండో సగం తనే పడుతుంది. కెలిడోస్కోప్ రూలర్‌లో ఒక రేకు గీస్తే చుట్టూ పువ్వు విచ్చుకుంటుంది. వేయిస్తంభాల గుడి పైకప్పులోని పద్మం చూసి బుటా గీసింది దానితోనే. వరుస రూలర్ ఇంకా మంచిది, ఒక మొగ్గ గీస్తే జాకెట్ చేతి అంచు పొడవునా వరుస వస్తుంది. వరంగల్ కోటలోని తోరణం మీది తీగలు ఇట్లా అంచుగా బాగా కుదిరాయి. రాతి మీది చెక్కడం కింద నిలబడి తీసిన ఫొటోలో పైకి సన్నబడి కనిపిస్తుంది కాబట్టి, దాన్ని దిద్దుకున్నాకే గీయాలి.

యూట్యూబ్ వీడియోల్లో రంగుల గురించి గంటలు గంటలు చెప్తారు గానీ కొలతల గురించి చెప్పేవాళ్లు తక్కువ. మాకు ముఖ్యమైంది కొలతే. ఏ4 కాగితం మీద నాణ్యంగా ప్రింట్ రావాలంటే కాన్వాస్, అంటే యాప్‌లో మనం గీసే పేజీ, 2480 వెడల్పు, 3508 ఎత్తు పిక్సెళ్లు (బొమ్మలోని చిన్న చుక్కలు) ఉండాలి, అంటే 300 డీపీఐ. ఆ లెక్కన 300 పిక్సెళ్లు ఒక అంగుళం. కాబట్టి మూలలో 300 పిక్సెళ్ల చదరం ఒకటి గీసి పెట్టుకోండి. ప్రింట్ చేతికొచ్చాక టేపుతో కొలవండి. అంగుళం కన్నా చిన్నగా ఉంటే జిరాక్స్ షాపు వాళ్లు "ఫిట్ టు పేజ్" పెట్టి తీశారన్నమాట. "అన్నా, వంద శాతం సైజులో తీయండి" అని ముందే చెప్పాలి. ఫైల్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. పెళ్లికూతురి జాకెట్ వీపు ఏ4లో పట్టదు, సగమే ప్రింట్ తీసి ట్రేసింగ్ పేపర్ మడిచి పొడుస్తాం.

కాన్వాస్ పెద్దదయ్యే కొద్దీ లేయర్ల సంఖ్య తగ్గుతుంది, అది ఫోన్ మెమరీ మీద ఆధారపడి ఉంటుంది. కస్టమర్‌కు చూపించే రంగుల నమూనా చిన్న కాన్వాస్‌లో, ప్రింట్ గీత పెద్ద కాన్వాస్‌లో వేరువేరుగా చేసుకోండి.

వేలితో గీయొచ్చా? గీయొచ్చు. బాగా జూమ్ చేసి, చేతి వణుకును సరిచేసే స్టెబిలైజర్ సెట్టింగ్ పెంచితే వంకరలు తగ్గుతాయి. రెండు వేళ్లతో ఒకసారి తడితే గీసింది వెనక్కి పోతుంది, అది అలవాటైతే టెన్షన్ సగం పోతుంది. రెండు మూడు వందలకు దొరికే, చివర గాజుబిళ్లలాంటిది ఉండే పెన్ను కొన్నాను. గీత ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది, అంతవరకే దాని లాభం. గట్టిగా నొక్కితే లావు, మెల్లగా నొక్కితే సన్నం అనేది దానికి తెలియదు. అది కావాలంటే శాంసంగ్ వాళ్ల ఎస్ పెన్ లాంటిది ఉన్న ట్యాబ్ తీసుకోవాలి. చిల్లులు పొడిచే గీతకు లావు, సన్నం తేడా ఎందుకు గనక? నేను కొనలేదు.

వేరే యాప్‌లు కూడా ఉన్నాయి. ప్రొక్రియేట్ ఐప్యాడ్ ఉన్నవాళ్లకు మాత్రమే. క్రిటా కంప్యూటర్ మీద పూర్తిగా ఉచితం, చాలా లోతైనది, కానీ మౌస్‌తో తీగ గీయడం నా వల్ల కాలేదు. స్కెచ్‌బుక్ తెర మాత్రం ఎంత శుభ్రంగా ఉంటుందో! ఒట్టి స్కెచ్‌లకైతే దాన్నే చెప్తాను.

ఐబిస్‌లో ఉచితంగా వాడేవాళ్లకు యాడ్స్ ఉంటాయి, కొన్ని బ్రష్‌లు తెరుచుకోవాలంటే వీడియో చూడాలి. మాకు కావలసిన గట్టి పెన్ బ్రష్ మొదటినుంచీ చేతిలోనే ఉంటుంది. యాడ్స్ తీసేయడానికి ఒక్కసారి కట్టే పద్ధతి ఉంది, ప్రైమ్ మెంబర్‌షిప్ వేరు, దానికి మళ్లీ మళ్లీ కట్టాలి. రెండూ ఒకటే అనుకుని నొక్కకండి. నేనైతే శ్రావణం పెళ్లిళ్ల డబ్బులు వచ్చాక మొదటిది తీసుకుంటాను, రెండోదాని జోలికి పోను.