"రీమాస్టర్డ్" స్టిక్కర్ చూసి పాత క్లాసికల్ సీడీలు అమ్మేసుకోకండి

ఆర్కెస్ట్రా సంగీతం సీడీల్లో కొనేవాళ్లకు ఈ హెచ్చరిక. ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన 'బొలేరో' ఈమధ్య "24 బిట్ రీమాస్టర్డ్" (పాత రికార్డింగ్ శబ్దాన్నే మళ్లీ సవరించి విడుదల చేసిన) ఎడిషన్‌లో కొన్నాను. అదే రికార్డింగ్ పాత సీడీ కూడా నా దగ్గర ఉంది కాబట్టి ఏం పోయిందో వెంటనే తెలిసింది.

1928 నాటి ఈ రచనకు ప్రాణమంతా ఒకే ఒక్క క్రెషెండో, అంటే శబ్దం మెల్లగా పెరుగుతూ పోవడం. స్నేర్ డ్రమ్ మీద లయ వినీ వినపడనట్టు మొదలవుతుంది, దాని మీద ఫ్లూట్ అందుకుంటుంది. తర్వాత ఒక్కో వాద్యమూ చేరుతూ, పావుగంట సేపు పెరిగి పెరిగి, చివరికి ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడాలి. కొత్త సీడీలో ఆ డ్రమ్ మొదటి నిమిషంలోనే చెవి పక్కన వాయించినట్టుంది. ట్రాంబోన్ వచ్చేసరికే సౌండ్ పెరగాల్సినంతా పెరిగిపోయింది, ఆ పైన చోటు లేదు. ఆఖర్న బేస్ డ్రమ్, సింబల్స్ మోగే చోట గుండె అదరాలి. అక్కడ ఒట్టి గరగర!

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూశాను. పాతదాని వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గులు చూపే గీత) సన్నగా మొదలై చివరిదాకా లావెక్కుతూ పోయింది. కొత్తదాంట్లో సగం దాటాక పైకొసలన్నీ కత్తిరించినట్టు ఒకే ఎత్తులో ఉన్నాయి. చిన్న శబ్దాల్ని పెంచి, పెద్దవాటిని లిమిటర్‌తో (శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కే సాధనం) అణిచేశారన్నమాట.

బిట్ల సంఖ్య అంటే శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా అంకెల్లో నమోదు చేస్తారన్న కొలత; 24 బిట్ అన్నది స్టూడియో పనికి సంబంధించిన మాట. మామూలు సీడీ ఎప్పుడూ 16 బిట్టే. దాని డైనమిక్ రేంజ్ (అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడా) సుమారు 96 డెసిబెల్స్, అనలాగ్ టేపుకున్న దానికంటే ఎక్కువే. అంటే పాత సీడీలో చోటు చాలక కాదు, కారులోనూ ఇయర్‌ఫోన్స్‌లోనూ గట్టిగా వినపడాలని ఈ పని చేస్తున్నారు. వినేవాళ్లు కావాలంటే వాల్యూమ్ పెంచుకుంటారు కదా, డిస్క్‌లోనే నలిపేస్తే తిరిగి తెచ్చుకునే దారేది? నాకు నిజంగా కోపం వచ్చింది.

పైగా టేపు హిస్ (పాత టేపుల్లో వెనక వినపడే సన్నని బుసబుస) తీసేశామని గొప్పగా రాశారు. హిస్‌తో పాటు హాల్లో ప్రతిధ్వని కూడా పోయింది, స్వరం ఆగగానే తెగిపోతోంది. నన్నడిగితే కాస్త హిస్ ఉన్నా నయం.

ఒరిజినల్ టేపు నుంచి శ్రద్ధగా చేసిన మంచి రీమాస్టర్లూ ఉన్నాయి, కాదనను. అట్ట మీద ఏడీడీ, డీడీడీ అక్షరాలు చూసి మాత్రం తేల్చుకోకండి. రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ అనలాగా డిజిటలా అన్నదే వాటి అర్థం, ఎంత నొక్కారో అవి చెప్పవు. పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేసుకోండి, గట్టిగా వినపడేదే బాగున్నట్టు అనిపిస్తుంది. సీల్ తీశాక వాపసు లేదని నాకు చెప్పేశారు, కాబట్టి ఆ నిబంధన ముందే అడగండి.