ఒక్క సెమినార్ వల్ల మూడున్నర నక్షత్రాలు

అమెరికాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో (ఒకే శాస్త్రం కాక అన్నీ కొంచెం కొంచెం చదివించే చోటు) మొదటి సంవత్సరం ముగించి రెండు వారాలైంది. పేరు చెప్పను, ఇంకా మూడేళ్లు అక్కడే ఉండాలి. ఈ సమీక్ష కొత్త విద్యార్థుల చేత తప్పనిసరిగా చదివించే కోర్సుల గురించి మాత్రమే. గదులు, భోజనం, చలి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

మా కాలేజీ లెక్క ఇది. డిగ్రీకి 32 కోర్సులు, సెమిస్టరుకు నాలుగు. మొదటి సెమిస్టరులో రాయడం నేర్పే సెమినార్ ఒకటి. ఆపైన విదేశీ భాష, లెక్కలతో ముడిపడిన కోర్సు ఒకటి, మానవీయ, సామాజిక, ప్రకృతి శాస్త్రాల నుంచి రెండేసి. ప్రకృతి శాస్త్రాల్లో ఒకదానికి ల్యాబ్ ఉండి తీరాలి. డిగ్రీకి ప్రధాన విషయం, అంటే మేజర్, ఏమిటో రెండో ఏడాది చివర చెబితే చాలు.

సెమినార్‌కు అయిదు నక్షత్రాలూ ఇస్తాను. వేసవిలో పంపిన ఫారంలో నేను నాలుగో ఎంపికగా రాసిన ‘పటాలు’ దొరికింది, మూతి ముడుచుకునే వెళ్లాను. ఒకే బల్ల చుట్టూ పదిహేనుమందిమి. మొదటి వ్యాసం మెర్కేటర్ అనే పటాల నిపుణుడు 1569లో గీసిన ప్రపంచ పటం మీద. ఆ పద్ధతిలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. ఈ సంగతినే అయిదు పేజీలు సాగదీసి, పటం అబద్ధం చెబుతోందని ముగించి, గర్వంగా ఇచ్చాను. ఎర్ర గీత ఒక్కటీ లేకుండా తిరిగి వచ్చింది. చివర ఒకే ప్రశ్న: ‘దీన్ని కాదనేవారు ఎవరు?’

ఎవరూ లేరు. అదే చిక్కు. ప్రొఫెసర్ గదిలో ఇరవై నిమిషాలు కూర్చున్నాక అసలు సంగతి దొరికింది. ఆ పటం ఓడ నడిపేవాళ్ల కోసం గీసినది. దిక్సూచి చూపే దిక్కు మార్చకుండా సాగే ప్రయాణం దాని మీద సరళరేఖగా వస్తుంది, విస్తీర్ణాలు చెడింది అందుకే. అలాంటప్పుడు తప్పు పటానిదా, దాన్ని తెచ్చి తరగతి గోడకు తగిలించినవాళ్లదా? ఇది వాదించదగ్గ మాట. మూడుసార్లు తిరగరాశాను. రైటింగ్ సెంటర్లో ఒక సీనియర్ నా చేత వ్యాసమంతా పైకి చదివించింది. ఊపిరి అందక ఆగిన ప్రతిచోటా వాక్యం చెడిందని నాకే తెలిసిపోయింది.

మిగతా తప్పనిసరి కోర్సులకు రెండు నక్షత్రాలు, అదీ మొహమాటానికి. రిజిస్ట్రేషన్ ఉదయం ఏడింటికి తెరుస్తారు, సీనియర్ల వంతు ముందు, మాది అందరికంటే చివర. తప్పనిసరి అన్న ల్యాబ్ కోర్సుల్లో మా వంతు వచ్చేసరికి సీట్లు ఉండవు. నిబంధన పెట్టినవారు సీట్లు కూడా పెట్టాలి కదా! సైకాలజీ విభాగంలో స్టాటిస్టిక్స్ చదివాను, అది లెక్కల కోర్సు కిందకు రాదన్నారు. దాదాపు అదే పాఠం గణిత విభాగంలో చదివితే వస్తుందట. అర్జీ పెట్టుకుంటే ఆరు వారాలకు ఒక్క వాక్యంలో జవాబిచ్చారు, కుదరదని.

భాష విషయంలో నన్ను నేనే తిట్టుకోవాలి. తెలుగు పరీక్ష రాసి మినహాయింపు పొందాను. నా రూమ్మేట్ సున్నా నుంచి అరబ్బీ మొదలుపెట్టి, ఇప్పుడు కుడి నుంచి ఎడమకు చకచకా రాసేస్తోంది. చూస్తూ కూర్చున్నాను.

అన్ని కాలేజీలూ ఇంతే అనుకోకండి. గ్రిన్నెల్‌లో ప్రధాన విషయం కాక అందరికీ తప్పనిసరి అన్నది మొదటి సెమిస్టరు ట్యుటోరియల్ (మా సెమినార్ లాంటిదే) ఒక్కటే, అది చెప్పే ప్రొఫెసరే ప్రధాన విషయం ఎంచుకునేదాకా విద్యార్థికి సలహాదారు కూడా. మా కాలేజీలో నా వ్యాసాలు మూడేసిసార్లు చదివిన మనిషి ఒకరైతే, నా సలహాదారు సంగీత విభాగంలో ఇంకొకరు. మంచివారే, కానీ సెమిస్టరుకు ఒకసారి రిజిస్ట్రేషన్ కోడ్ కోసం కలవడమే తప్ప ఆయనకు నేనెవరో తెలియదు. స్వార్త్‌మోర్‌లో మొదటి సెమిస్టరుకు పాసయ్యారా లేదా అన్నదే చూస్తారు, గ్రేడు లెక్కలోకి రాదు. మా దగ్గర ఆ గ్రీన్‌లాండ్ వ్యాసం తొలి ప్రతికి వచ్చిన సి ప్లస్ కూడా సరాసరిలో కలిసింది. సెయింట్ జాన్స్‌లో పూర్తిగా తిరగేసిన పద్ధతి, దాదాపు అన్నీ తప్పనిసరే. నేనైతే అక్కడ నిలవలేను.

చేరబోయేవారికి ఒక మాట. సెమినార్ ఎంచుకునేటప్పుడు విషయం పేరు కంటే, చిత్తుప్రతిని ఎన్నిసార్లు చదివి ఇస్తారో అడగండి. రిజిస్ట్రేషన్ రోజున అన్నిటికంటే ముందు ల్యాబ్ మీద నొక్కండి. నేను మూడోదిగా నొక్కాను. భూగర్భ శాస్త్రం వెయిటింగ్ లిస్టులో ఇప్పుడు నాది పదకొండో స్థానం.