తిరుపతి ఇంటి తోటలో దేవదారు: ఒక నర్సరీ గురించి నా అభిప్రాయం

మూడేళ్ల క్రితం తిరుపతి శివార్లలోని ఒక నర్సరీలో 850 రూపాయలు పెట్టి దేవదారు మొక్కను కొన్నాను. సిమ్లాలో ఆ మహావృక్షాల కింద నడిచి వచ్చినప్పటి నుంచి, మా ఇంటి వెనుక ఉన్న 40 అంకణాల ఖాళీ స్థలంలో అలాంటి చెట్టును ఒక్కదాన్నైనా పెంచాలన్న కోరిక నన్ను వదలలేదు.

మొక్క విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. మూడడుగుల ఎత్తున్న ఆ మొక్కకు చిటారు కొమ్మ కిందికి వాలి ఉంది. పొట్టి రెమ్మల మీద సూదుల్లాంటి ఆకులు గుత్తులుగా ఉన్నాయి. సంచి విప్పితే వేళ్లు చుట్టుకుపోలేదు. అది అసలైన హిమాలయ దేవదారే. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, వీధుల వెంట నిటారుగా పెరిగే నరమామిడిని కూడా మనలో కొందరు దేవదారు అనే పిలుస్తారు, ఆ రెండింటికీ ఏ బంధుత్వమూ లేదు. పేరు చూసి మోసపోయే అవకాశం ఉన్నచోట వారు సరైన మొక్కనే ఇచ్చారు.

లోపమంతా సలహాలోనే జరిగింది. "ఎక్కడైనా వస్తుంది సార్, రోజూ నీళ్లు పోయండి" అని చెప్పి పంపించారు. దేవదారు సహజంగా పెరిగేది పశ్చిమ హిమాలయాల్లో, సుమారు 1,500 నుంచి 3,200 మీటర్ల ఎత్తున, చలికాలం మంచు కురిసే చోట. మన ఊళ్లో మే నెల పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అంతకంటే కష్టం, రాత్రయినా నేల చల్లారదు. పగలంతా ఆకులు తయారు చేసిన ఆహారంలో ఎక్కువ భాగం ఆ వేడి రాత్రుల్లో శ్వాసక్రియకే ఖర్చయిపోతే, కొత్త వేళ్లు వేయడానికి మొక్కకు శక్తి ఎక్కడిది? గ్రీన్ నెట్ కట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి మొదటి వేసవిని ఎలాగో దాటించాను. తరువాత అక్టోబరు, నవంబరు వానలకు గుంతలో నీరు నిలిచింది. వేళ్లకు నీటితో పాటు గాలి కూడా కావాలని తెలిసేసరికి అవి కుళ్లడం మొదలైంది, రెండో వేసవిలో మొక్క పూర్తిగా ఎండిపోయింది. ఆ రోజు ఇంట్లో అందరం బాధపడ్డాం.

స్థలం ఎంత అని కూడా వారు అడగలేదు. సొంత నేలలో 40, 50 మీటర్లు పెరిగి, కొమ్మలను అడ్డంగా చాచే చెట్టును ప్రహరీ పక్కన నాటవచ్చా అన్నది కొనేవారికి తోచకపోయినా అమ్మేవారికి తోచాలి.

ఎండిన మొక్కను తీసుకుని వెళ్లినప్పుడు యజమాని వాదించకుండా విన్నారు, ఆ పద్ధతి నాకు నచ్చింది. సగం ధర తగ్గించి, జనం క్రిస్మస్ చెట్టు అని పిలిచే ఆరకేరియాను ఇచ్చారు. నైరుతి పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన ఈ చెట్టుకు మంచు అవసరం లేదు; ఇదీ చాలా ఎత్తు పెరిగేదే అయినా కొమ్మలు పొట్టిగా, అంతస్తులుగా వస్తాయి. ఈసారి గోడకు పదిహేను అడుగుల దూరంలో, ఇసుక కలిపిన ఎర్రమట్టిలో, నీరు జారిపోయేలా మెరక చేసి నాటాను.

మామిడి అంట్లు, గులాబీలు కావలసినవారికి ఆ నర్సరీని నిస్సందేహంగా సూచిస్తాను. చలి ప్రాంతాల చెట్లను మాత్రం, అవి ఎక్కడివో, ఎంత పెరుగుతాయో ముందుగా తెలుసుకోకుండా అక్కడ కొనవద్దు. నా ఆరకేరియాకు ఈ నెలలో మూడో అంతస్తు కొమ్మలు వచ్చాయి.