జడ్డిగం దగ్గర అరగంట

విశాఖ వెళ్తున్నామంటే అందరూ కైలాసగిరి, జలాంతర్గామి, అరకు అని వరుసపెట్టి చెబుతారు. మేము మాత్రం ఉన్న మూడు రోజుల్లో ఒక పూట తగరపువలస దాటి పద్మనాభం వైపు ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన తన ఇంటి వెనుక రెండు రేకుల షెడ్లలో పాత సేద్యపు సామాను పోగుచేసి పెట్టుకున్నారు. సంగతి చెబితే మా అమ్మ "నాగలి చూడటానికి రైలెక్కాలా?" అంది. అమ్మది పల్నాడు. నలభై ఏళ్ళు వచ్చేదాకా పొలం పనే.

బస బస్టాండు దగ్గర లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్ళు ఉదయం ఎనిమిదికే ఆగిపోతాయి. ఆ ముక్క గది ఇచ్చేటప్పుడు చెప్పరు. మళ్ళీ వెళ్తే భీమిలిలోనే దిగుతాను, అక్కడి నుంచి ఆ పల్లె దగ్గర. తగరపువలస వరకు సిటీ బస్సు హాయిగా సాగింది. అక్కడ ఆటో మాట్లాడుకునేటప్పుడే తిరుగు ప్రయాణం కూడా ఒప్పుకోండి, లోపలి ఊళ్ళో ఖాళీ ఆటో దొరకదు.

టిక్కెట్టు లేదు, గుమ్మం దగ్గర హుండీ ఉంది. మొదటి షెడ్డు చూడగానే కాస్త నిరాశ కలిగింది. నాగలికీ, గుంటకకూ, కాడికీ అన్నిటికీ ఒకటే చీటీ: "ప్రాచీన వ్యవసాయ పరికరం". ఏది ఎందుకో లేదు. అయితే పెద్దాయన నోరు విప్పితే చీటీల అవసరం రాదు. గింజలు కొలిచే సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం వరుసగా పేర్చి, ఒకదానికొకటి రెట్టింపని మా అబ్బాయి చేత ఇసుకతో కొలిపించారు. కుంచం నిండటానికి ఎనిమిది తవ్వలు పట్టాయి. వాడు లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి పోశాడు. పెరట్లో బావి నీళ్ళు తోడే ఏతం దూలం పడుకోబెట్టి ఉంది. దాని మీద మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తుంటే బాన బావిలోకి దిగి పైకి వచ్చేదట. ఎన్ని బానలు పోశారో లెక్క తప్పకుండా పాట పాడేవారట. ఆ సన్నటి దూలం చూస్తేనే నాకు కళ్ళు తిరిగాయి.

అమ్మ మాత్రం రెండో షెడ్డులో విత్తనాలు వేసే గొర్రు దగ్గర ఆగిపోయింది. మూడు కర్రుల గొర్రు, మూడు వెదురు గొట్టాలు, పైన జడ్డిగం, అంటే విత్తనాలు పోసే చెక్క గిన్నె. లోపల మూడు బెజ్జాలు, వాటి అంచులు వేళ్ళు తగిలి తగిలి నున్నబడ్డాయి. పెద్దాయన విత్తనం గుప్పెడు పోస్తే అదే దిగుతుందన్నారు. "అలా కాదు అన్నయ్యగారూ, గుప్పెడు పోస్తే ఒకే గొట్టంలో పడి కూరుకుపోతుంది" అంటూ అమ్మ ఇసుక తీసుకుని పిడికిలి వదులు చేసి, మణికట్టు తిప్పుతూ రాల్చింది. మూడు గొట్టాల్లోంచీ ఒకేలా సన్నగా జారింది. "మొలక వచ్చాక ఊరంతా చూస్తుంది, ఎవరి చెయ్యి తడబడిందో సాళ్ళే చెబుతాయి" అంది. అమ్మ గొంతులో అంత గర్వం నేను ఎప్పుడూ వినలేదు. పెద్దాయన ఆమె చేత ఇంకో రెండుసార్లు చేయించుకుని, జేబులోని డైరీలో రాసుకున్నారు.

పక్కనే తిరగలి. ఎవరో వచ్చినవాళ్ళు దాని ముందు కూర్చుని నవ్వుతూ ఫొటోలు దిగుతున్నారు. నేనూ అమ్మను కూర్చోమన్నాను. కూర్చోలేదు. "రాయి గరుకెక్కేలా కక్కు కొట్టించడానికి డబ్బుల్లేక నున్నబడిన రాయితోనే కందులు విసిరాం. ఈ కుడి భుజం నొప్పి దానిదే" అని బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడింది.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో 1942లో జపాన్ వాళ్ళు వేసిన పేలని బాంబు ఉంది. మర్నాడు దాన్నీ చూశాం. అక్కడ చూసి రావడమే, పెద్దాయన షెడ్లలో అయితే ఎత్తి పట్టుకోవచ్చు. ఆ ఒక్క తేడాకే ఆటో డబ్బులు గిట్టాయి. అయితే తాగునీళ్ళు వెంట తీసుకెళ్ళండి. మరుగుదొడ్డి ఇంటివాళ్ళదే, అడగాలి. భోజనం తగరపువలస వచ్చాకే దొరికింది, అప్పటికి మధ్యాహ్నం మూడు.

ఆటో ఎక్కేటప్పుడు పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, "అమ్మా, ఈసారి వేరుశనగ విత్తనాలు తెప్పిస్తాను, దున్నిన మడిలో వేసి చూపించాలి" అన్నారు. "ఎడ్లు ఉన్నాయా?" అని అడిగింది అమ్మ. లేవు.