డెస్‌ఫ్లూరేనా, సెవోఫ్లూరేనా?

ఆపరేషన్‌లో పీల్పించే ఈ రెండు మత్తుమందుల్లో, రోగి త్వరగా తెలివిలోకి రావడంలో డెస్‌ఫ్లూరేన్‌దే పైచేయి. రక్తంలో కరిగే గుణకం దానికి 0.42, సెవోఫ్లూరేన్‌కు 0.65; ఇది ఎంత తక్కువైతే మందు అంత త్వరగా ఒంట్లోంచి బయటికి పోతుంది. గంటల తరబడి సాగే ఆపరేషన్లలో, బాగా లావున్నవారిలో తేడా కనిపిస్తుంది. అదీ కొద్ది నిమిషాలే. ఘాటు మాత్రం ఎక్కువ: మాస్కుతో మొదలుపెడితే దగ్గు, గొంతు బిగుసుకుపోవడం.

గాల్లో కలిశాక వందేళ్ల లెక్కన డెస్‌ఫ్లూరేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు వేడి పెంచుతుంది. సెవో 200 రెట్ల లోపే. పైగా సెవో 2 శాతం సరిపోయే చోట డెస్ 6 శాతం కావాలి. వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప 2026 జనవరి 1 నుంచి ఐరోపా సమాఖ్యలో డెస్ వాడకానికి అనుమతి లేదు.

మా ఓటు సెవోకే. అయితే ఫ్రెష్ గ్యాస్ ఫ్లో (యంత్రంలోకి కొత్తగా వదిలే గ్యాస్) నిమిషానికి 5 లీటర్ల దగ్గరే వదిలేస్తే మత్తుమందు చాలావరకు వృథా. గొంతులో శ్వాస ట్యూబ్ వేసేటప్పుడు ఆపాల్సింది ఫ్లో, వేపరైజర్ (మత్తుమందును ఆవిరిగా మార్చి గ్యాస్‌లో కలిపే పరికరం) కాదు. మత్తు కుదురుకున్నాక ఫ్లోను నిమిషానికి లీటరుకు దించి, లోపలికి వెళ్లే ఆక్సిజన్ శాతాన్ని మానిటర్‌లో చూస్తూ ఉండండి.